బేకింగా, వంటా? ‘తగినంత’ అంటే చిరాకుపడేవాళ్ళ కోసం అంకెలతో మొదటి ఆరు వారాలు

‘ఉప్పు తగినంత’, ‘దోరగా వేగాక’, ‘పచ్చివాసన పోయేదాకా’... వంటల పుస్తకంలో ఈ మాటలు కనపడగానే విసుక్కునేవాళ్ళు చాలామందే ఉన్నారు. గ్రాముల్లో, నిమిషాల్లో చెబితే తప్ప వాళ్ళకు చెయ్యి కదలదు. వీళ్ళంతా అడిగేది ఒకటే: బేకింగ్‌లో అన్నీ కొలతలే కదా, వంట జోలికి పోకుండా నేరుగా దాంతోనే మొదలుపెట్టొచ్చా?

పెట్టొచ్చు. కాకపోతే బేకింగ్‌లో నిర్ణయాలన్నీ ముందే అయిపోతాయి. టిన్ను ఓవెన్‌లోకి వెళ్ళాక ఇక మీ చేతిలో దాదాపు ఏమీ ఉండదు. వంటలో నిర్ణయాలు పొయ్యి ముందు నిలబడి తీసుకుంటాం, చాలా తప్పులు అప్పటికప్పుడే దిద్దుకుంటాం. లెక్క రెండింటికీ కావాలి, అది ఎప్పుడు వేయాలన్న దగ్గరే తేడా. అందుకని ఇక్కడ ఒక బ్రెడ్డు, ఒక టమాటా పప్పు పక్కపక్కన పెట్టి చెబుతున్నాం. రెండింటినీ ఒకే నోటుబుక్కులో రాస్తూ ఆరు వారాలు చేయండి. మీకు ఏది నప్పుతుందో ఆ పేజీలే చెబుతాయి.

1. కొనాల్సినవి, కొనకూడనివి

□ 5 కిలోల దాకా తూచే, 1 గ్రాము తేడా చూపే డిజిటల్ కాటా
□ 0.1 గ్రాము చూపే చిన్న జేబు కాటా (ఈస్ట్, సోడా, ఉప్పు కోసం)
□ పుల్లలాంటి మొనతో ఉండే డిజిటల్ థర్మామీటర్
□ ఓవెన్ లోపల పెట్టే థర్మామీటర్
□ 28 లీటర్లు, అంతకు పైబడిన ఓటీజీ (పైనా కిందా రాడ్లుండే కరెంటు ఓవెన్). చిన్నవాటిలో రాడ్లు బ్రెడ్డు నెత్తి మీదే ఉంటాయి
□ 8×4 అంగుళాల బ్రెడ్ టిన్ను
□ నోటుబుక్కు, పెన్ను

రెండు కాటాలు ఎందుకంటే, 1 గ్రాము కాటా ‘3’ అని చూపితే అసలు బరువు రెండున్నర కావచ్చు, మూడున్నర కావచ్చు. 300 గ్రాముల మైదాలో అర గ్రాము లెక్కలోకి రాదు. 3 గ్రాముల ఈస్ట్‌లో అది ఆరో వంతు. ఇంకో చిక్కు కూడా ఉంది. కొద్దికొద్దిగా రాలుస్తూ వేస్తే చాలా కాటాలు ఆ బరువును గుర్తించవు, అంకె కదలకుండా అక్కడే ఉంటుంది. ఈస్ట్‌నీ ఉప్పునీ విడిగా చిన్న గిన్నెలో తూచి, ఆ తర్వాతే పిండిలో కలపండి.

చిన్న కాటా లేకపోతే సమంగా గీసిన 5 మి.లీ. కొలత చెంచా వాడుకోవచ్చు: ఇన్‌స్టంట్ ఈస్ట్ సుమారు 3 గ్రాములు, మెత్తటి ఉప్పు సుమారు 6, పంచదార సుమారు 4. కల్లుప్పును మాత్రం చెంచాతో కొలవొద్దు. గళ్ళ మధ్య ఖాళీ ఎక్కువ, బరువు తక్కువ పడుతుంది. తూచితే ఏ ఉప్పయినా ఒకటే.

స్టాండ్ మిక్సరు, సిలికాన్ అచ్చులు, పదహారు రకాల నాజిళ్ళు ఇప్పుడు వద్దు. ఆరు వారాలయ్యాక కూడా కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

కరెంటు ఖర్చుకు భయపడేవాళ్ళకు ఒక లెక్క. 1500 వాట్ల ఓటీజీ 45 నిమిషాలు ఆపకుండా కాలినా 1.13 యూనిట్లు దాటదు. థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతూ ఉంటుంది కాబట్టి అసలు ఖర్చు ఇంకా తక్కువే.

2. థర్మామీటర్నీ ఓవెన్నీ ముందు పరీక్షించండి

థర్మామీటర్: గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి, సందులు నిండేంత నీళ్ళు పోసి కలపండి. మొన ముంచితే 0 డిగ్రీలు చూపాలి. తర్వాత తెర్లుతున్న నీళ్ళలో చూడండి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రతీరపు ఊళ్ళలో 100 చూపాలి. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది కాబట్టి అక్కడ 98 చూపితే థర్మామీటర్ సరిగ్గా ఉన్నట్టే.

ఓటీజీ: డయలు మీది అంకెకీ లోపలి వేడికీ ఇరవై డిగ్రీల తేడా ఉండటం మామూలే.

ఓవెన్ థర్మామీటర్ని మధ్య అరలో పెట్టండి. పై రాడ్డు, కింది రాడ్డు రెండూ ఆన్ చేసి 180 దగ్గర ఉంచండి. లైటు మొదటిసారి ఆరిపోగానే ‘వేడెక్కింది’ అనుకోవద్దు. అప్పటికి గాలి వేడెక్కి ఉంటుంది గానీ గోడలు వేడెక్కవు. 15 నిమిషాలు ఆగి, అక్కడి నుంచి మరో 20 నిమిషాల పాటు రెండేసి నిమిషాలకోసారి అంకె రాసుకోండి. అది పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. వాటి సగటే మీ ఓవెన్ అసలు వేడి. డయలు 180 అన్నప్పుడు సగటు 165 వస్తే, తేడా 15 అని ఒక కాగితం మీద రాసి ఓవెన్‌కే అంటించండి.

తర్వాత ట్రే నిండా కొన్న బ్రెడ్డు ముక్కలు పరిచి ఎనిమిది నిమిషాలు కాల్చండి. ఏ మూల ముక్క ముందు ఎర్రబడితే ఆ మూల వేడెక్కువ. బ్రెడ్డు కాలేటప్పుడు మూడింట రెండొంతుల సమయం దాటాక టిన్నును అటుదిటు తిప్పాలన్నమాట.

3. బ్రెడ్డు లెక్క: పిండి ఎప్పుడూ 100

బేకరీ లెక్కలో పిండి బరువు 100. మిగతావన్నీ దానికి శాతంగా రాస్తారు.

- మైదా: 300 గ్రా. (100)
- నీళ్ళు: 186 గ్రా. (62)
- నూనె: 15 గ్రా. (5)
- పంచదార: 12 గ్రా. (4)
- ఉప్పు: 6 గ్రా. (2)
- ఇన్‌స్టంట్ ఈస్ట్: 3 గ్రా. (1)

శాతాలు కూడితే 174, మొత్తం ముద్ద 522 గ్రాములు. పెద్ద టిన్నుకు 700 గ్రాముల ముద్ద కావాలంటే 700ని 1.74తో భాగించండి: మైదా 402 గ్రాములు. మిగతావి శాతాల ప్రకారం వాటంతటవే వస్తాయి. రెసిపీని ‘డబుల్ చేయొచ్చా’ అని ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

నీళ్ళు కూడా తూచే పోయండి. మి.లీ. గీతల దగ్గర కళ్ళు చికిలించడం కన్నా అది తేలిక. 1 మి.లీ. నీళ్ళంటే 1 గ్రామే.

మైదా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ప్రోటీన్ అంకె చూడండి. 100 గ్రాములకు 10, 11 ఉంటే బ్రెడ్డుకు మంచిది. 8, 9 ఉంటే కేకుకు, బిస్కెట్లకు ఉంచండి. ప్రోటీన్ తక్కువైతే ఎంత పిసికినా ముద్ద సాగదు, బ్రెడ్డు పొట్టిగా వస్తుంది.

ఆరోగ్యం కోసమని మొదటిరోజే మొత్తం గోధుమపిండితో చేయకండి. అందులోని పొట్టు ముద్ద సాగే గుణాన్ని తగ్గిస్తుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది. ముందు 300లో 90 గ్రాముల దాకా మార్చి చూడండి, ఆ 90కి 8 గ్రాముల నీళ్ళు అదనంగా పోయండి.

వానాకాలంలో, అందులోనూ కోస్తాలో, డబ్బాలోని పిండే తేమ పీల్చుకుని ఉంటుంది. ఆ రోజుల్లో 10 గ్రాముల నీళ్ళు పక్కన ఆపి, ముద్ద పొడిగా ఉంటేనే పోయాలి.

4. నీళ్ళు ఎంత చల్లగా ఉండాలి?

కొత్తవాళ్ళ బ్రెడ్డు ఎక్కువగా చెడేది ఇక్కడే. ‘గోరువెచ్చటి నీళ్ళు’ అని రాసే రెసిపీలు చలిదేశాల నుంచి వచ్చాయి. వాటిని పట్టుకుని మే నెలలో విజయవాడలో బ్రెడ్డు చేస్తే, ఎండాకాలం దోశపిండి తెల్లారేసరికి పులిసిపోయినట్టే ఇదీ గంటలోపే పొంగి, పులిసి, కూలుతుంది.

పిసకడం అయ్యాక ముద్ద వేడి 26 డిగ్రీల దగ్గర ఉండాలి. లెక్క ఇలా:

నీళ్ళ వేడి = 26×3 − పిండి వేడి − గది వేడి − 2

చివరి 2 చేత్తో పిసికినప్పుడు పుట్టే వేడికి ఉజ్జాయింపు.

గది 33, పిండి 33 అయితే: 78 − 33 − 33 − 2 = 10 డిగ్రీలు. అంటే ఫ్రిజ్ నీళ్ళు.
ఆదిలాబాదు చలికాలంలో గది 20, పిండి 20 అయితే: 36 డిగ్రీలు. ఇక్కడ గోరువెచ్చన సరైనదే.
నడి వేసవిలో గది 40, పిండి 38 అయితే: −2. నీళ్ళతో పనయ్యేది కాదు. పిండిని రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి, మళ్ళీ దాని వేడి కొలిచి లెక్కేయండి.

ఈస్ట్ 55 డిగ్రీలు దాటితే చావడం మొదలవుతుంది. నీళ్ళ వేడి విషయంలో చేతిని నమ్మొద్దు.

5. పని వరుస

5.1. మైదా, పంచదార, ఈస్ట్ పొడిగా కలపండి. నీళ్ళు పోసి పొడి కనపడకుండా కలిపి, మూతపెట్టి 20 నిమిషాలు వదిలేయండి. ఈ 20 నిమిషాల్లో పిండి తనంతట తనే సగం పని చేసుకుంటుంది.

5.2. ఉప్పు చల్లి, నూనె పోసి 10 నుంచి 12 నిమిషాలు పిసకండి. మొదట్లో చేతికి అంటుకుని విసిగిస్తుంది. పొడి పిండి చల్లకండి. చల్లిన ప్రతి 15 గ్రాములకూ మీ 62 శాతం 59 అయిపోతుంది, లెక్క అక్కడితో పోతుంది. ఆరో ఏడో నిమిషం నుంచి ముద్ద గిన్నెను వదిలి నున్నబడుతుంది.

5.3. నిమ్మకాయంత ముద్ద తీసుకుని నాలుగు వేళ్ళతో మెల్లగా సాగదీయండి. చిరగకుండా వెలుతురు కనపడే పలచటి పొర వస్తే చాలు. వెంటనే చిరిగితే 5 నిమిషాలు విశ్రాంతినిచ్చి మరో 3 నిమిషాలు పిసకండి. మొన గుచ్చి ముద్ద వేడి చూసి రాసుకోండి.

5.4. 30 గ్రాముల ముద్దను నిటారుగా ఉండే చిన్న గ్లాసులో అదిమి, పైమట్టానికి ఒక రబ్బరు బ్యాండు, దానికి రెట్టింపు ఎత్తులో ఇంకోటి వేయండి. మిగతా ముద్ద గిన్నెలో, గ్లాసు దాని పక్కన. గిన్నెలో ముద్ద రెట్టింపయిందో లేదో కంటితో తేల్చుకోవడం కష్టం, గ్లాసులో అయితే రెండో బ్యాండును తాకిందా లేదా అన్నదే ప్రశ్న. గది 30 డిగ్రీలుంటే సుమారు గంట, 24 ఉంటే గంటన్నర. గడియారాన్ని కాదు, బ్యాండునే చూడండి.

5.5. గ్లాసులోది కూడా కలిపేసి, ముద్దను మెల్లగా తట్టి చదరంగా పరిచి, చాపలా గట్టిగా చుట్టండి. అతుకు కిందికి వచ్చేలా నూనె రాసిన టిన్నులో పెట్టండి. చుట్ట వదులుగా ఉంటే కోసినప్పుడు లోపల సొరంగాలు కనపడతాయి.

5.6. రెండో పొంగు టిన్ను అంచు మట్టం దాటి వేలెడు మందం వచ్చేదాకా. వేలితో అర అంగుళం నొక్కితే గుంట మెల్లగా, సగమే పూడాలి. చటుక్కున పూడితే ఇంకా సమయం ఉంది. అసలు పూడకపోతే ఆలస్యమైంది, వెంటనే ఓవెన్లో పెట్టేయండి. ఓవెన్ ప్రీహీట్ చేయడం ఈ పొంగు సగంలో ఉండగానే మొదలుపెట్టాలి.

5.7. కింది అరలో, రెండు రాడ్లతో, అసలు వేడి 190 దగ్గర 28 నుంచి 32 నిమిషాలు. 20వ నిమిషానికే పైన ఎర్రబడితే అల్యూమినియం ఫాయిల్ కప్పండి. బ్రెడ్డు నడిబొడ్డున థర్మామీటర్ గుచ్చితే 93 నుంచి 96 డిగ్రీలు చూపాలి.

5.8. వెంటనే టిన్నులోంచి తీసి జాలీ మీద పెట్టండి, లేకపోతే అడుగు చెమటపట్టి మెత్తబడుతుంది. గంటదాకా కోయొద్దు. చల్లారాక తూచండి. 522 గ్రాములది 460, 470 మధ్యకు దిగాలి. 490 దగ్గరే ఉంటే లోపల తడి మిగిలిందన్నట్టే, తర్వాతిసారి ఐదు నిమిషాలు పెంచండి.

6. బ్రెడ్డు చెడితే

ఇటుకలా గట్టిగా వచ్చింది: మొదట ఈస్ట్‌ను అనుమానించండి. 40 డిగ్రీల నీళ్ళలో చిటికెడు పంచదార, అర చెంచా ఈస్ట్ కలిపి 10 నిమిషాలు చూస్తే నురగ రావాలి. రాకపోతే ప్యాకెట్ పారేయండి. తెరిచిన ఈస్ట్‌ను గాలి చొరబడని సీసాలో ఫ్రీజర్లో ఉంచాలి. ఈస్ట్ బాగానే ఉంటే తప్పు పొంగులో ఉంది, ముందే ఓవెన్లో పెట్టేశారు.

పైన కూలిపోయింది, పుల్లటి వాసన: పొంగు ఎక్కువైంది. నీళ్ళ వేడి లెక్క మళ్ళీ చూసుకోండి. వేసవిలో ఈస్ట్‌ను 0.7 శాతానికి తగ్గించవచ్చు.

ఒక పక్క పగిలి పైకి లేచింది: రెండో పొంగు తక్కువైంది.

కత్తికి జిగురుగా అంటుకుంటోంది: లోపలి వేడి 93 చేరకముందే తీశారు, లేదా వేడిగా ఉండగానే కోశారు.

అడుగు నల్లగా, పైన పాలిపోయి: కింది రాడ్డుకు మరీ దగ్గరయింది. ఒక అర పైకి మార్చండి.

చప్పగా ఉండి మరీ వేగంగా పొంగింది: ఉప్పు మరిచారు. ఉప్పు ఈస్ట్‌కు కళ్ళెం కూడా.

7. కేకు గురించి కొంచెమే

కేకు మొదటిసారికే తినదగ్గట్టు వస్తుంది. నేర్చుకోవడానికి బ్రెడ్డే మేలు. సరుకు చవక, ప్రతి దశలోనూ కొలిచేందుకు ఏదో ఒకటి ఉంటుంది.

కేకే కావాలంటే పాత పద్ధతి గుర్తుంచుకోండి: మైదా, పంచదార, వెన్న, గుడ్లు సమాన బరువు. పెంకు తీసిన గుడ్డు సుమారు 50 గ్రాములు కాబట్టి మూడు గుడ్లకు మిగతావి 150 గ్రాముల చొప్పున. 120 గ్రాముల మైదాకు బేకింగ్ పౌడర్ సమంగా గీసిన ఒక చెంచా చాలు. ‘బాగా పొంగాలని’ రెండు వేస్తే గాలి బుడగలు పెద్దవై పగిలి కేకు నడుమ గుంట పడుతుంది.

బేకింగ్ సోడా, బేకింగ్ పౌడర్ ఒకటి కాదు. సోడాకు పులుపు తోడు కావాలి: 120 మి.లీ. పెరుగుకు పావు చెంచా. పులుపు లేని పిండిలో సోడా వేస్తే సబ్బు రుచి మిగులుతుంది.

8. ఇప్పుడు వంట: టమాటా పప్పుతో

పప్పే ఎందుకంటే దానికి నాలుగు దశలు ఉన్నాయి, ఒక్కోదాన్నీ విడివిడిగా కొలవొచ్చు: ఉడుకు, పులుపు, ఉప్పు, తాలింపు.

ముందుగా ఇంట్లో వంటగిన్నెలన్నిటినీ ఖాళీగా తూచి, ఆ బరువును అడుగున మార్కరుతో రాసి పెట్టండి. ఇక ఏ కూరనైనా గిన్నెతో సహా తూచి అసలు బరువు ఎంతో చెప్పేయొచ్చు.

ఉడుకు: కందిపప్పు 150 గ్రా., నీళ్ళు 450 గ్రా., చిటికెడు పసుపు, చెంచా నూనె. అరగంట నానబెట్టండి. ‘నాలుగు విజిళ్ళు’ అన్నది కొలత కాదు. మంట, కుక్కరు సైజు, వెయిట్ ఎంత పాతది అన్నదాన్ని బట్టి నాలుగు విజిళ్ళకు ఆరు నిమిషాలూ పట్టొచ్చు, పదిహేనూ పట్టొచ్చు. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి 12 నిమిషాలు లెక్కపెట్టండి. ఒకసారి ఆవిరి నిండాక కుక్కరులోపల వేడి 120 డిగ్రీల దగ్గరే ఉంటుంది కాబట్టి మిగిలింది సమయం ఒక్కటే. ఆవిరి తనంతట తను దిగాలి.

పప్పు మెదగకపోతే చాలామంది పప్పును తిడతారు. ఎక్కువసార్లు కారణం నీళ్ళు. బోరు నీళ్ళలోని కాల్షియం పప్పు పొరలను బిగబట్టి మెత్తబడనివ్వదు. ఒకసారి ఫిల్టరు నీళ్ళతో, ఒకసారి బోరు నీళ్ళతో అదే 12 నిమిషాలు ఉడికించి చూడండి.

పులుపు: టమాటా, చింతపండు కూడా అదే పని చేస్తాయి. కొత్త పప్పు, మంచి నీళ్ళు ఉన్న ఇళ్ళలో అన్నీ కుక్కర్లో కలిపి పడేసినా నడుస్తుంది. నేర్చుకునేటప్పుడు 250 గ్రాముల టమాటా, నాలుగు పచ్చిమిర్చి విడిగా మగ్గించి, ఉడికిన పప్పులో కలపండి.

ఉప్పు: అన్నీ కలిపి తూచండి. 850 గ్రాములొస్తే మొదట ఒక శాతం, అంటే 8.5 గ్రాములు. రుచి చూసేది గరిటెలోంచి కాదు, అన్నంలో కలిపి. మనం అన్నంలో ఉప్పు వేయం, కూరే ఆ ఉప్పు మోయాలి. ఉత్త పప్పుగా సరిపోయిందంటే అన్నంలో చప్పగా ఉంటుంది. ఒక్కో గ్రాము పెంచుతూ మీ ఇంటి శాతం ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. చాలా ఇళ్ళలో అది 1.2, 1.3 దగ్గర తేలుతుంది. అది ఒకసారి తెలిసిందంటే పాలకూర పప్పుకూ దోసకాయ పప్పుకూ మళ్ళీ వెతుక్కోనక్కర్లేదు.

తాలింపు: నూనె 20 గ్రా., మధ్య మంట. అన్నీ తూచి చిన్న గిన్నెల్లో పక్కన పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించండి. డబ్బా మూత తీసేలోపు జీలకర్ర మాడుతుంది.

ముందు రెండు ఆవాలు వేయండి. అవి చిటపటమంటే నూనె సిద్ధం. మిగతా ఆవాలు, వెంటనే మినప్పప్పు. ఇవి గట్టివి, ముప్పై నలభై సెకన్లు కావాలి. మినప్పప్పు లేత బంగారు రంగుకు రాగానే దంచిన వెల్లుల్లి, ఓ ఇరవై సెకన్లు. ఆ పైన ఎండుమిర్చి, జీలకర్ర పది సెకన్లు. పొయ్యి కట్టేసి ఇంగువ, కరివేపాకు. కరివేపాకును బట్టతో తుడిచి వేయండి, తడి ఉంటే నూనె మన మీదికి చిందుతుంది. రంగు మీరనుకున్న దానికి ఒక మెట్టు ముందే ఆపాలి, మిగతా పని మూకుడులోని వేడి చేసేస్తుంది. మాడితే దిద్దడం లేదు, పారబోసి మళ్ళీ పెట్టుకోవడమే. 20 గ్రాముల నూనె కోసం 850 గ్రాముల పప్పును చేదు చేసుకోకండి.

9. దిద్దుబాటుకూ లెక్క ఉంది

ఉప్పెక్కువ: ఆలుగడ్డ ముక్కలు వేస్తే ఉప్పు లాగేస్తాయంటారు. అవి తాగేది ఉప్పునీళ్ళనే, మిగిలినదాంట్లో ఉప్పు శాతం మారదు. దారి ఒక్కటే, పలచన చేయడం. 900 గ్రాముల పప్పులో 1.6 శాతం పడిందనుకోండి. 1.2కు దించాలంటే 900×1.6÷1.2 = 1200 గ్రాములు కావాలి, అంటే ఉప్పులేనిది మరో 300. ఉత్త నీళ్ళు పోస్తే చారవుతుంది. అందుకే మొదటి కొన్నిసార్లు ఉడికిన పప్పులో నాలుగో వంతు ఉప్పు లేకుండా పక్కన ఉంచి, అంతా కుదిరాక కలపండి.

పులుపెక్కువ: బెల్లం పులుపును కప్పుతుంది, తీసేయదు. 5 గ్రాముల చొప్పున వేసి ప్రతిసారీ రుచి చూడండి. 15 దాటితే ఆపి, పప్పు పెంచండి.

కారమెక్కువ: మిరపకారం నూనెలో కరుగుతుంది, నీళ్ళలో కాదు. చెంచా నెయ్యి నీళ్ళకన్నా బాగా పనిచేస్తుంది.

అడుగంటింది: గరిటె పెట్టకండి. పైదాన్ని కదపకుండా వేరే గిన్నెలోకి వంచేయండి.

వేపుళ్ళకు మాత్రం ఈ సౌకర్యం తక్కువ. బెండకాయ వేపుడు జిగురు తేలిందంటే మూడింటిలో ఒకటి చేశారు: తడి కాయలు కోశారు, మూత పెట్టారు, ఉప్పు ముందే వేశారు. మూకుడు నిండా కుక్కడం నాలుగోది. ముక్కల్లోంచి వచ్చే ఆవిరికి పోయే దారి లేక అవి వేగకుండా ఉడుకుతాయి.

10. నోటుబుక్కు, కళ్ళు మూసుకుని రుచి

ప్రతి పేజీలో ఇవే గళ్ళు: తేదీ, గది వేడి, బరువులు, ఈసారి మార్చింది ఏమిటి, దశల సమయాలు, ఫలితం, వచ్చేసారి ఏం మార్చాలి.

‘మార్చింది’ గడిలో ఒక్కటే ఉండాలి. నీళ్ళూ పెంచి ఈస్టూ తగ్గించి బ్రెడ్డు బాగా వచ్చిందంటే, ఏది పనిచేసిందో మీకు తెలియదు.

ఇంట్లోవాళ్ళు ‘బాగుంది’ అన్నది సమాచారం కింద లెక్కవేయకండి, అది మర్యాద. మూడు గిన్నెల పద్ధతి పెట్టండి. రెండిట్లో నిన్నటి లెక్క పప్పు, ఒకదాంట్లో కొత్త లెక్క పప్పు. వేరేది ఏదో చెప్పమనండి. గుడ్డిగా చెబితే మూడింటిలో ఒకసారి సరిపోతుంది. ముగ్గురు విడివిడిగా రుచి చూసి ముగ్గురూ సరిగ్గా పట్టుకుంటే, అది గుడ్డిగా జరిగే అవకాశం 27లో ఒకటి. అంటే తేడా నిజంగానే ఉంది. ఎవరూ పట్టుకోలేకపోతే ఆ ఖరీదైన ఇంగువ మానేయొచ్చు.

11. ఆరు వారాలు, ఆ తర్వాత ఎంపిక

మొదటి వారం: కాటా, థర్మామీటర్, ఓవెన్ పరీక్ష, గిన్నెల బరువులు. ఒక పప్పు.
రెండు, మూడు: అదే బ్రెడ్డు వారానికి రెండుసార్లు, ఏమీ మార్చకుండా. నాలుగుసార్లూ ఒకేలా రావాలి. వారంమధ్యలో పప్పు, ఉప్పు శాతం వెతుకుతూ.
నాలుగు: బ్రెడ్డులో నీళ్ళు 62 నుంచి 65. పప్పులో నీళ్ళ రకం మార్పు.
ఐదు: బ్రెడ్డులో 90 గ్రాముల గోధుమపిండి. బెండకాయ వేపుడు.
ఆరు: బ్రెడ్డు మామూలు లెక్కే. పప్పు కాటా లేకుండా, చేతివాటంగా వండి, ఆఖర్న తూచి ఉప్పు శాతం లెక్కేయండి.

అప్పుడు పేజీలు తిరగేయండి.

□ బ్రెడ్డు పొంగే రెండు గంటలు హాయిగా అనిపించాయా, పనులకు అడ్డమయ్యాయా?
□ పాడైన బ్రెడ్డు కారణం వెతకడంలో ఉత్సాహం ఉందా, నీరసం వచ్చిందా?
□ తాలింపు దగ్గరి ఆ రెండు నిమిషాలు ఇంకా కంగారేనా?
□ ఆరో వారం చేతివాటపు ఉప్పు మీ శాతానికి 0.1 దగ్గర్లో పడిందా?

మొదటి రెండింటికీ జవాబు బ్రెడ్డు వైపుంటే బేకింగ్ పట్టుకోండి. తర్వాతి మెట్టు అదే ముద్ద, ఈస్ట్ సగానికి తగ్గించి రాత్రంతా ఫ్రిజ్‌లో పొంగించడం. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళకు అది ఇంకా అనువు. ఆఖరి ప్రశ్నకు అవును అయితే మీకు వంట అబ్బుతోంది. ఈసారి పులుసు మొదలుపెట్టండి: చింతపండును గ్రాముల్లో తూచి, మరగకముందు ఒకసారి, మరిగాక ఒకసారి గిన్నెను తూస్తూ.